వేరు గోడల మధ్య పెరిగిన నల్ల పిల్లలు: ప్రభుత్వాలు ఏం ఒప్పుకున్నాయి?

2014 అక్టోబర్ 10న కెనడా తూర్పు తీరంలోని నోవా స్కోషియా ప్రావిన్స్ ప్రీమియర్ స్టీఫెన్ మెక్‌నీల్ ఒక అనాథాశ్రమంలో పెరిగినవారికి ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. ఆశ్రమం పేరు నోవా స్కోషియా హోమ్ ఫర్ కలర్డ్ చిల్డ్రన్. అందులో పెరిగిన నల్లజాతి పిల్లల్లో చాలామందికి అప్పటికి తలలు నెరిశాయి. దెబ్బలు, లైంగిక హింస, అరకొర తిండి, సగంలో ఆగిన చదువు గురించి వాళ్లు ఏళ్ల తరబడి చెబుతూనే వచ్చారు. 2001 నుంచి కోర్టుల చుట్టూ తిరిగారు. పోలీసులేమో సాక్ష్యాలు చాలవంటూ 2012లో ఒక్కరి మీదా కేసు పెట్టకుండానే దర్యాప్తు ముగించారు.

గత రెండు దశాబ్దాల్లో అమెరికా, కెనడా, బెల్జియంలలో ఇలాంటి ఒప్పుకోళ్లు కొన్ని వచ్చాయి. వాటిని పక్కపక్కన పెట్టి చదివితే ఒకటి తేటపడుతుంది. పిల్లల్ని ఎవరు కొట్టారు, ఎవరు చెరిచారు అన్న ప్రశ్నకు ప్రభుత్వాలు ఆలస్యంగానైనా జవాబు చెబుతున్నాయి. ఆ పిల్లల్ని అసలు విడిగా ఎందుకు పెట్టారు, పెట్టాక వాళ్ల తలకు రూపాయి తక్కువ ఎందుకు కేటాయించారు అని అడిగితే మాత్రం గొంతు తగ్గుతుంది. మొదటి తప్పును చనిపోయిన వార్డెన్ మీద వేసి ఊరుకోవచ్చు. రెండోది బడ్జెట్ కాగితం మీద సంతకం పెట్టిన శాఖ మెడకు చుట్టుకుంటుంది. నా మటుకు ఈ క్షమాపణల విలువ తేల్చేది ఆ రెండో ప్రశ్నే.

ఈ ఆశ్రమాలు ఎలా పుట్టాయో తెలియకపోతే ప్రశ్న అర్థం కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నోవా స్కోషియాలో అనాథ పిల్లల బాధ్యత చర్చిలదీ ధర్మసంస్థలదీ. వాళ్ల గృహాల్లోకి నల్ల పిల్లలకు ప్రవేశం లేదు. తల్లీతండ్రీ పోయిన నల్ల పిల్లకు బంధువుల ఇల్లు, అదీ లేకపోతే ముసలివాళ్లతో పాటు ఊరి పేదల సత్రం. ఈ స్థితి చూసి, ప్రావిన్స్‌లో మొదటి నల్లజాతి న్యాయవాది జేమ్స్ రాబిన్సన్ జాన్‌స్టన్ తమవాళ్ల కోసం ఒక గృహం ఉండాలన్నాడు. 1915లో ఆయన హత్యకు గురయ్యాడు. ఆలోచనను ఆఫ్రికన్ బాప్టిస్ట్ చర్చిల వాళ్లు, ముఖ్యంగా జేమ్స్ కిన్నీ అనే ఆయన భుజానికెత్తుకున్నారు. హాలిఫాక్స్‌లో ఇల్లు చూసుకున్నారు. 1917 డిసెంబర్ 6న ఆ నగరపు రేవులో పేలుడు పదార్థాలున్న ఓడ మరో ఓడను గుద్దుకుని పేలిపోయి ఊరి ఉత్తర భాగమంతా తుడిచిపెట్టుకుపోయింది. ఆ ఇల్లూ పోయింది. మళ్లీ మొదటినుంచి చందాలు పోగేసి, డార్ట్‌మత్ శివార్లలో పొలం కొని, 1921 జూన్ 6న కొత్త భవనం తెరిచారు. ఆ రోజు వేల మంది వచ్చారు. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చినవాళ్ల మనవలు, మునిమనవలు కట్టుకున్న పెద్ద సంస్థ అది. దాన్ని చూసి వాళ్లు గర్వపడ్డారంటే తప్పు పట్టేదేమీ లేదు.

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోనూ కథ ఇలాగే మొదలైంది. తప్పుదారి పట్టిన తెల్ల పిల్లల కోసం ప్రభుత్వాలు సంస్కరణ పాఠశాలలు కట్టించాయి. నల్ల పిల్లల్ని మాత్రం పెద్దవాళ్ల జైళ్లలో వేశాయి, ఖైదీలను కూలికి అద్దెకిచ్చే పద్ధతిలో గనులకు, తోటలకు పంపాయి. దాన్ని ఆపడానికి పూనుకున్నది నల్లజాతి స్త్రీల సంఘాలు. అలబామాలో కార్నేలియా బోవెన్ మౌంట్ మేగ్స్ దగ్గర మగపిల్లల కోసం ఒక గృహం నెలకొల్పింది. 1911లో రాష్ట్రం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. వర్జీనియాలో జేనీ పోర్టర్ బారెట్ 1915లో ఆడపిల్లల కోసం తెరిచిన పాఠశాలను 1920లో ప్రభుత్వం తీసుకుంది. ఈ చరిత్రను జెఫ్ వార్డ్ 2012లో వచ్చిన 'ద బ్లాక్ చైల్డ్ సేవర్స్' అన్న పుస్తకంలో వివరంగా రాశాడు. కొరడా పట్టుకున్న వార్డెన్ల కథ మాత్రమే తెలిసినవాళ్లు ఆ పుస్తకం చదివితే, ఈ గృహాల పునాదుల్లో ఎంత ఆశ పోశారో చూసి విస్తుపోతారు.

ఆశ ఎక్కడ తలకిందులైందో చెప్పడానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు, పద్దులు చూస్తే చాలు. నల్లవాళ్లకు విడి గృహం ఉంది గనుక తెల్లవాళ్ల గృహాల తలుపులు తెరవాల్సిన పని ప్రభుత్వానికి లేకుండా పోయింది. పోనీ విడి గృహానికైనా సమానంగా ఇచ్చిందా అంటే లేదు. నోవా స్కోషియాలో శిశు సంక్షేమ శాఖ తన సంరక్షణలోని నల్ల పిల్లల్ని ఈ హోమ్‌కే పంపేది, ఒక్కో పిల్లకు ఇచ్చే సొమ్ము మాత్రం తెల్ల పిల్లల గృహాలకిచ్చే దానికంటే తక్కువ. మిగతాది చందాలతో పూడ్చుకోవాలి. 1931 నుంచి ఏటా క్రిస్మస్ వేళ హోమ్ కోసం రేడియో కార్యక్రమం పెట్టి విరాళాలు అడిగేవారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కుతినా తిననివ్వదు అంటాం గానీ, ఇక్కడ అడుక్కునే వరకు అనుమతి ఉంది.

తక్కువ సొమ్ముతో ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. పిల్లలు ఎక్కువ, చూసేవాళ్లు తక్కువ. వచ్చినవాళ్లకూ తర్ఫీదు లేదు. పొలం పని పిల్లలే చెయ్యాలి. చిన్నవాళ్లను కాయాల్సిన పని పెద్ద పిల్లల మీద పడేది, వాళ్లలో కొందరు చిన్నవాళ్లను పీడించేవారు. ఇవేవీ శాఖకు తెలియని సంగతులు కావు. పిల్లల్ని తెచ్చి దింపిన సంక్షేమ అధికారులు ఆ తర్వాత ఆ గడప తొక్కడం అరుదు.

బయటపడడం ఎందుకింత ఆలస్యమైందన్నదానికి నోవా స్కోషియా ఇచ్చే జవాబు మిగతా చోట్ల దొరకదు. ఆ హోమ్ నల్లజాతి సమాజపు తలమానికం. దాని మీద నోరు విప్పితే సొంత ఇంటి పరువు తీసినట్టు. బాధితులు మొదట మాట్లాడినప్పుడు వాళ్ల చర్చిల్లోనే, వాళ్ల బంధువుల్లోనే ఎదురు మాటలు పడ్డారు. జాతి వివక్ష చూపిన ప్రభుత్వం పక్కకు తప్పుకుంది. గొడవంతా బాధితులకూ వాళ్ల సొంతవాళ్లకూ మధ్య నడిచింది. ఎంత సౌకర్యమైన ఏర్పాటో చూడండి.

కాబట్టి ప్రావిన్స్ చివరికి ఎంచుకున్న దారిని నేను మర్యాదగానే చూస్తాను, లోపాలున్నా. 2013లో హోమ్ 50 లక్షల డాలర్లకు, 2014లో ప్రావిన్స్ 2.9 కోట్ల డాలర్లకు రాజీకి వచ్చాయి. అంతకు ముందున్న డారెల్ డెక్స్‌టర్ ప్రభుత్వం బహిరంగ విచారణకు ఒప్పుకోలేదు. ప్రతిపక్షంలో ఉండగా మాటిచ్చిన మెక్‌నీల్ అధికారంలోకి వచ్చాక క్షమాపణతో పాటు విచారణకూ సరేనన్నారు. ఆ విచారణ రూపాన్ని బాధితులతో కూర్చునే రూపొందించారు. వాయిసెస్ అని పేరు పెట్టుకున్న బాధితుల సంఘం మొదటినుంచీ ఒక మాట మీద ఉంది. కోర్టు బోనులో నిలబెట్టి, వకీళ్ల చేత గుచ్చి గుచ్చి అడిగించే విచారణ తమకు వద్దు, ఆ అవమానం మళ్లీ పడలేం అని. ఒక్క జడ్జి కమిషనర్ బదులు బాధితులు, నల్లజాతి సంఘాలు, హోమ్ బోర్డు, ప్రభుత్వ ప్రతినిధులు కలిసి ఒక మండలిగా ఏర్పడ్డారు. హోమ్‌లో పెరిగిన టోనీ స్మిత్ దానికి సహాధ్యక్షుడు. వెనక్కి తల తిప్పి చూసే సాంకోఫా పక్షి, పశ్చిమాఫ్రికాలోని అకాన్ ప్రజల గుర్తు, ఆ విచారణకు చిహ్నమైంది.

2015లో మొదలైన పని 2019 నవంబర్‌లో నివేదికతో ముగిసింది. అందులో దోషుల జాబితా లేదు. సివిల్ బాధ్యతను గానీ క్రిమినల్ బాధ్యతను గానీ తేల్చే అధికారం దానికి ముందే లేదు. దానికి బదులు శిశు సంక్షేమం, విద్య, న్యాయం, ఆరోగ్యం చూసే పెద్ద అధికారుల్ని అదే గదిలో, గుండ్రంగా వేసిన కుర్చీల్లో కూర్చోబెట్టారు. మీ శాఖ అప్పుడేం చేసింది, ఇప్పుడేం చేస్తోంది అని అడిగారు. పిల్లల అవసరాన్ని వదిలేసి శాఖల సరిహద్దుల చుట్టూ కట్టిన వ్యవస్థే మూలమని నివేదిక తేల్చింది. నాకు మిగిలే అసంతృప్తి ఒకటుంది. వ్యవస్థదే తప్పు అన్నాక మనుషులు ఆవిరైపోతారు. తిలాపాపం తలా పిడికెడు అయ్యాక, చెయ్యి చేసుకున్న ఫలానావాడి పేరు అధికారిక కాగితం మీద చూడాలనుకున్న ముసలి బాధితుడికి ఏం మిగిలింది? విచారణ నిర్వాహకులు ఈ ఆక్షేపణ ఎరగనివాళ్లు కారు. తెలిసే ఎంచుకున్నారు.

ఫ్లోరిడా ఇందుకు పూర్తిగా ఎదురు దారి పట్టింది. అక్కడ మాటలకంటే ముందు ఎముకలు మాట్లాడాయి. మరియానా పట్టణంలో 1900లో తెరిచిన రాష్ట్ర సంస్కరణ పాఠశాల, తర్వాతి పేరు డోజియర్ స్కూల్, 2011లో మూతపడింది. 1960ల చివరి దాకా అందులో తెల్ల పిల్లల వైపు ఒకటి, నల్ల పిల్లల వైపు ఒకటి. తెల్ల పిల్లలకు అచ్చు పనిలాంటి చేతి విద్యలు, నల్ల పిల్లలకు ఎక్కువగా పొలం పని. శిక్షల కోసం వైట్ హౌస్ అని పిలిచే చిన్న కట్టడం. శ్మశానం మాత్రం నల్ల పిల్లల వైపు ఉంది. రాష్ట్ర దర్యాప్తు సంస్థ అక్కడ 31 సమాధులున్నాయని లెక్కచెప్పి, నేరాలకు ఆధారాలు దొరకలేదంది. సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిన్ కిమర్లీ బృందం రాడార్‌తో భూమిని పరీక్షించి తవ్వితే 55 సమాధులు తేలాయి. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది నల్ల పిల్లలు.

2017లో ఫ్లోరిడా శాసనసభ క్షమాపణ చెప్పింది. 2024లో 2 కోట్ల డాలర్ల పరిహార చట్టం వచ్చింది. మరియానా పాఠశాలలో గానీ ఓకీచోబీలో పెట్టిన దాని అనుబంధ పాఠశాలలో గానీ 1940 నుంచి 1975 వరకు ఉండి హింసకు గురైన వాళ్లు అర్హులు. మంచిదే. అయితే రెండు సంగతులు గమనించాలి. చట్టం చూసింది ఒంటి మీది దెబ్బను. ఏ వైపు పెరిగావు, ఆ వైపు ఏ పని చేయించారు అని అడగలేదు. తెల్ల పిల్లవాడూ నల్ల పిల్లవాడూ ఒకే హింసకు గురయ్యారన్నట్టుగా ఆ డబ్బు పంచిపెట్టారు. తెల్ల పిల్లల బాధ తక్కువదని కాదు నేననేది. వైట్ హౌస్ బాయ్స్ అని పేరు పెట్టుకుని ముందుగా గొంతెత్తిన వాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లే, వాళ్లు లేకపోతే తవ్వకమే జరిగేది కాదు. రెండోది, పరిహారం బతికున్నవాళ్లకు. ఆ 55 గుంతల్లోని పిల్లల తరఫున అర్జీ పెట్టే అవకాశం అందులో లేదు. కాల్సన్ వైట్‌హెడ్ 2019 నవల 'ద నికెల్ బాయ్స్' ఈ పాఠశాల ఆధారంగా రాసిందే, దానికి పులిట్జర్ వచ్చింది. చట్టం అడగని రంగు ప్రశ్నను నవల అడిగింది.

ఆర్కన్సాలో క్షమాపణ దాకా కూడా పోలేదు. లిటిల్ రాక్ దగ్గర రైట్స్‌విల్‌లోని నల్ల పిల్లల పారిశ్రామిక పాఠశాలలో 1959 మార్చి 5 తెల్లవారుజామున పడకగదుల భవనానికి నిప్పంటుకుంది. తలుపులకు బయటనుంచి తాళం. 69 మందిలో 48 మంది కిటికీ జాలీలు పీకి బయటపడ్డారు, 21 మంది కాలిపోయారు. గుర్తుపట్టలేని 14 మందిని నగరంలోని ఒక శ్మశానంలో గుర్తు రాయి కూడా లేకుండా ఒకేచోట పూడ్చారు. గ్రాండ్ జ్యూరీ కూర్చుంది, ఎవరి మీదా అభియోగం లేదు. ఆ సమాధి మీద వాళ్ల పేర్లతో రాయి పడడానికి 2018 దాకా పట్టింది. పాఠశాల ఉన్న చోట ఇప్పుడు రాష్ట్ర జైలు నడుస్తోంది.

ఈ గృహాల గురించి మాట్లాడినప్పుడల్లా ఎవరో ఒకరు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు తెస్తారు. న్యూ ఆర్లీన్స్‌లో కొత్త సంవత్సరపు సంబరాల్లో పిస్తోలు పేల్చినందుకు 1913 జనవరిలో ఆ పిల్లవాణ్ని కలర్డ్ వెయిఫ్స్ హోమ్‌కు పంపారు, అక్కడే కార్నెట్ వాయించడం దిద్దుకుని జాజ్ సంగీతానికే రాజయ్యాడు. బేస్‌బాల్ దిగ్గజం సాచెల్ పేజ్ మౌంట్ మేగ్స్‌లో 1918 నుంచి అయిదేళ్లుండి బంతి విసరడం నేర్చుకున్నాడు. ఇద్దరూ ఆ చోట్లను మంచిగానే తలుచుకున్నారు. అబద్ధం కాదు. కానీ అదే మౌంట్ మేగ్స్‌లో 1960ల నాటికి పిల్లల చేత పత్తి చేలలో పని చేయిస్తూ, వాళ్లను చీపురు కర్రలతో కొడుతూ ఉంటే, 1969లో మాంట్‌గోమరీ బాలల కోర్టులో పనిచేసే డెనీ అబట్ అనే తెల్లజాతి ప్రొబేషన్ అధికారి సొంత రాష్ట్రం మీదే ఫెడరల్ కోర్టులో దావా వేయాల్సి వచ్చింది. ఒక ఆర్మ్‌స్ట్రాంగ్ వచ్చాడు గనుక ఆ ఇల్లు మంచిదనడం, లాటరీ తగిలినవాణ్ని చూపించి పేదరికం లేదనడం లాంటిది.

దెబ్బలే లేని చోట కూడా లెక్క ఉంటుందని వర్జీనియా చూపించింది. ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో నల్ల, తెల్ల పిల్లల్ని ఒకే బడిలో కూర్చోబెట్టాల్సి వస్తుందని 1959లో ప్రభుత్వ బడులన్నీ మూసేశారు. తెల్ల పిల్లలకు ప్రైవేటు అకాడమీ పెట్టారు. సుమారు 1,700 మంది నల్ల పిల్లలకు అయిదేళ్లు ప్రభుత్వ బడి లేదు. కొందర్ని దూరపు బంధువుల దగ్గరికి పంపారు, మిగిలినవాళ్లు పొగాకు చేలకు పోయారు. 1964లో సుప్రీంకోర్టు చెబితే గానీ బడులు తెరవలేదు. 2003లో వర్జీనియా శాసనసభ తీవ్ర విచారం తెలుపుతూ తీర్మానం చేసింది. మరుసటి ఏడు, ఆనాడు చదువు పోగొట్టుకున్నవాళ్ల కోసం స్కాలర్‌షిప్ పెట్టింది. యాభై, అరవై దాటినవాళ్లు మళ్లీ పుస్తకాలు పట్టారు. నేను చూసినంతలో ఏది పోయిందో అదే తిరిగి ఇవ్వబోయిన అరుదైన ప్రయత్నం ఇది. ఏడేళ్ల పిల్లకు రావాల్సిన ఒకటో తరగతిని అరవై ఏళ్ల అవ్వకు ఇచ్చే ఉపాయం మాత్రం ఏ శాసనసభకూ తెలియదు.

వాషింగ్టన్‌లోనూ ఇలాంటిదే చిన్నది ఒకటుంది. బధిరులైన నల్ల పిల్లలకు నగరంలో బడి లేక వేరే రాష్ట్రానికి పంపుతుంటే, లూయీజ్ మిల్లర్ అనే తల్లి 1952లో విద్యా బోర్డు మీద గెలిచింది. అప్పుడు కూడా వాళ్లను తెల్ల బధిరులతో కలపకుండా గాలడెట్ అనే బధిరుల కళాశాల ఆవరణలో విడి బడి పెట్టారు. అందులో చదివిన 24 మందికి డిప్లొమాలు 2023లో ఇచ్చారు.

విడదీయడమే నేరం అని నోరు తెరిచి చెప్పిన తీర్పు కోసం అట్లాంటిక్ దాటాలి. బెల్జియం పాలనలోని కాంగోలో నల్ల తల్లులకూ తెల్ల తండ్రులకూ పుట్టిన పిల్లలంటే వలస ప్రభుత్వానికి భయం. రేపు వీళ్లే తిరగబడతారని. అధికారులు ఊళ్లు తిరిగి వాళ్లను వెతికి, తల్లుల ఒడి నుంచి లాక్కుని మిషన్ ఆశ్రమాల్లో వేశారు. కసాయి ప్రాంతంలోని కటెండే మిషన్ అలాంటిదే. అక్కడ పెరిగిన అయిదుగురు స్త్రీలు 1960లో స్వాతంత్ర్యం రాగానే దిక్కులేని వాళ్లయ్యారు, బెల్జియం వాళ్లను వదిలేసి వెళ్లిపోయింది. 2019 ఏప్రిల్ 4న ప్రధాని షార్ల్ మిషెల్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. ఆ స్త్రీలు అంతటితో సరిపెట్టుకోకుండా కోర్టుకెక్కారు. 2021లో కింది కోర్టు కొట్టేసింది, ఆనాటికి అది నేరం కాదంది. 2024 డిసెంబర్ 2న బ్రస్సెల్స్ అప్పీలు కోర్టు ఆ మాట తిరగేసింది. జాతి కారణంగా ఏడేళ్లు నిండని పిల్లల్ని తల్లులనుంచి పథకం ప్రకారం వేరుచేయడం మానవాళి పట్ల నేరమని, దానికి కాలదోషం పట్టదని చెప్పి ఒక్కొక్కరికీ 50,000 యూరోలు ఇమ్మంది.

ఈ తీర్పులో కొరడా కేంద్రం కాదు. వార్డెన్ దయగలవాడైనా రాజ్యానిది నేరమే. నోవా స్కోషియా నివేదిక వ్యవస్థ అని చెప్పి ఆగిన చోట, బ్రస్సెల్స్ కోర్టు ఆ వ్యవస్థకు యజమాని ఎవరో చెప్పింది. నిజమే, పోలిక పూర్తిగా అతకదు. కటెండేను తల్లులు కట్టుకోలేదు, నోవా స్కోషియా హోమ్‌ను నల్లవాళ్లే కట్టుకున్నారు. అయినా నల్ల పిల్లలకు వేరే దారి లేకుండా చేసిన చెయ్యి ఒకటే.

అన్ని చోట్లా తలెత్తే చిక్కు మరొకటుంది, కాగితాలు. ఏ పిల్లను ఎవరి సంతకంతో తెచ్చారు, తల్లి ఎవరు, ఎప్పుడు చనిపోయింది అన్నవన్నీ నింద పడ్డ శాఖల బీరువాల్లోనే ఉంటాయి. బెల్జియం 2018 పార్లమెంటు తీర్మానం తర్వాత దేశపు ప్రభుత్వ పత్రాగారంలో ఇందుకోసమే ఒక బృందాన్ని పెట్టింది. డబ్బు కంటే ముందు తల్లి పేరు కావాలని అడిగినవాళ్లు ఎందరో. నా దృష్టిలో ఏ ప్రభుత్వమైనా నిజంగా లెక్క తేల్చాలనుకుంటోందా లేదా అన్నది క్షమాపణ ప్రసంగం కంటే ఆ బీరువా తాళం దగ్గరే తెలుస్తుంది.

మేరీలాండ్ ఇప్పుడు ఆ తాళం దగ్గరే ఉంది. చెల్టెన్‌హామ్‌లో 1870ల్లో తెరిచిన నల్ల పిల్లల సంస్కరణ గృహాన్ని 1937లో రాష్ట్రం తీసుకుంది. అక్కడ చనిపోయిన పిల్లల్ని పూడ్చిన చోట అడవి పెరిగింది. దాన్ని ఆనుకునే రాష్ట్రం నడిపే మాజీ సైనికుల శ్మశానం తీర్చిదిద్దినట్టు ఉంటుంది. పేర్లు వెతకడం, సమాధులు గుర్తించడం, వారసుల్ని పట్టుకోవడం మొదలైంది. అదే చెల్టెన్‌హామ్‌లో ఇవాళ్టికీ రాష్ట్రపు బాలల నిర్బంధ కేంద్రం ఒకటి పనిచేస్తోంది. మేరీలాండ్‌లో నిర్బంధంలోకి వెళ్లే పిల్లల్లో అత్యధికులు నల్లజాతివాళ్లే. పాత గృహం మీద రాష్ట్రం రేపు ఏ నివేదిక రాసినా, అందులో ఈ కొత్త కేంద్రానికి ఎన్ని పేజీలిస్తుందో చూడాలి.